వేరూనువరకు

వేరుతో పెకలించి తెచ్చిన మొక్కను క్రొత్త నేలలో నాటి బ్రతికించుట మన యాడువారికి తెలియని విద్య కాదు. మిరపనారు, వంగనారు పెరటిలో నాటని యిల్లాలు పల్లెలలో అరుదు. వరినాట్లనాడు బురదలో వంగి, కట్టలు విప్పి నారు నాటువారు స్త్రీలే. నాటిన మొదటి దినములలో ఆ నారు తలవాల్చి, పసుపువన్నె తిరిగి, చచ్చినదో బ్రతికినదో తెలియకుండ నుండును. కొన్ని దినములకు వేరు నేలను పట్టును; ఆకు నిలబడును; చేనంతయు పచ్చబడును. దీనినే మావైపు మూన తిరుగుట యందురు. మూన తిరుగువరకు రైతు చేనిని ఏమియు నడుగడు. నీరు చూచుకొని ఓపికపట్టును.

నేను చెప్పబోవునది వరిని గూర్చి కాదు, స్ట్రాబెర్రీని గూర్చి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున మాకు కాపురమేర్పడి 20 ఏండ్లు దాటినది. ఇచ్చట వసంతారంభమున తోటమొక్కల వర్తకులు స్ట్రాబెర్రీ మొక్కలను కుండి లేకుండ, మన్ను లేకుండ, ఉత్తి వేళ్ళతో కట్టగట్టి తపాలాలో పంపుదురు. కట్టకు సాధారణముగా 25 మొక్కలు. వానిని బ్రతికించుట యెట్లో, ఆ పనిలో మా అత్తగారి మూలమున నాకు బోధపడిన సంగతి యేమో సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా మామగారు 2021లో కాలము చేసిరి. తెనాలికి దగ్గర పల్లెలో, కాలువగట్టు ప్రక్క పెంకుటింటిలో, అత్తగారు ఏడాదికి పైగా ఒంటరిగా నుండిరి. ఒకనాడు నూతిదగ్గర జారిపడి, తెల్లవారి పాలవాడు వచ్చువరకు లేవలేకపోయిరి. ఆ వార్త విన్నది మొదలు మావారికి నిద్రపట్టలేదు. 2022 నవంబరులో స్వయముగా వెళ్ళి, తల్లిని వెంటబెట్టుకొని వచ్చిరి. అప్పటికామెకు 72 ఏండ్లు.

ఆమె వచ్చినది చలికాలపు మొగదలలో. సాయంకాలము నాలుగున్నరకే ప్రొద్దుగ్రుంకును. వీధిలో మనుష్యుడు కానరాడు, కార్లే తిరుగుచుండును. ఉదయమున మేమిద్దరము ఉద్యోగములకును, పిల్లలు బడికిని వెళ్ళినపిమ్మట ఆమెకు గోడలే తోడు. నేను వచ్చుసరికి కిటికీదగ్గర కుర్చీలో కూర్చుండి యుండెడివారు. మధ్యాహ్నము నే నుంచిన అన్నము మూతతీసి మరల పెట్టినట్లుండెడిది. అడిగిన దానికి జవాబే గాని తమంతట తాము మాటాడుట మానివేసిరి. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒకరాత్రి కొడుకుతో, "నాన్నా, నన్నక్కడ దింపెయ్యరా. నా మానాన నేనుంటాను" అనిరి. మావారికి తల్లియన్న ప్రాణము. ఆ మాటకు కన్నీరొక్కటే తక్కువ.

ప్రేమగలవారు ఊరకుండలేరు గదా! తల్లికి కాలక్షేపము కావలెనని మావారొక పట్టిక వేసిరి. మంగళవారమున ఇంగ్లీషు నేర్పు తరగతి. శనివారమున దేవాలయములో వంటశాల సేవ. ప్రతిసాయంకాలము మా అమ్మాయికి, అబ్బాయికి తెలుగు పద్యములు చెప్పుట. ఆదివారమున దేశములోని బంధువులందరితో ఫోనులో ముఖాముఖి మాటలు. ఆ మాటలలో వారడుగు ప్రశ్న యొక్కటే: "అమెరికా బాగుందా? సంతోషంగా ఉన్నావా?" ఆమె తలయూపి, ఫోను మా అమ్మాయి చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయెడివారు.

2023లో శ్రీరామనవమి దాటిన వారమునకు నేను తెప్పించిన స్ట్రాబెర్రీ కట్ట వచ్చినది. విప్పి బల్లమీద పెట్టగా అత్తగారు చూచి, "ఇదేమిటమ్మాయ్, చీపురుకట్టా?" అని యడిగిరి. చూచుటకట్లే యుండును. జానెడు పొడవు గోధుమవన్నె వేళ్ళు, వానిపైన బొటనవ్రేలంత మొదలు, దాని కొసను ఎండిన ఆకు తొడిమలు. పచ్చదన మెక్కడను లేదు.

ఈ మొక్క చలికాలమున నిద్రించును. అట్లు నిద్రించుచుండగనే వర్తకులు త్రవ్వి, మన్ను దులిపి, నీరు గడ్డకట్టునంతటి చల్లనిగదులలో నెలల తరబడి నిలువచేయుదురు. అంతకాలము ప్రాణ మెట్లు నిలుచుననగా, శరత్కాలమున ఆకులు తయారుచేసిన యాహారమును మొక్క పిండిపదార్థముగా మార్చి మొదలులోను వేళ్ళలోను దాచుకొనును. ఆ దాచినదే దానికి దారిబత్తెము. మొక్క మంచిదో కాదో తెలియుటకు మొదలును వ్రేళ్ళతో నొక్కిచూడవలెను, గట్టిగా నుండవలెను. గోటితో గీచిన లోపల తెల్లగా నుండవలెను. మెత్తబడి నల్లనై చెడువాసన కొట్టునది పనికిరాదు. వేళ్ళు ఎండినట్లు కనబడినంతమాత్రమున పారవేయరాదు.

నాటుటకు ముందు స్థలము చూచుకొనవలెను. దినమునకు 6 మొదలు 8 గంటల యెండ కావలెను. నీరు నిలువరాదు. టమాట, వంగ, మిరప, బంగాళదుంప పెరిగిన మడిలో మూడు నాలుగేండ్లవరకు స్ట్రాబెర్రీ పెట్టరాదు. ఆ పైరుల వేళ్ళను పట్టు వడలు తెగులు నేలలో చాలకాలము దాగియుండి దీనినిగూడ పట్టును. మా పెరటిది బంకమన్ను. అందుచే 8 అంగుళముల ఎత్తున మడి పోసి, చివికిన యాకెరువు కలిపితిమి. నాటునాడు ఘాటైన ఎరువు లేవియు వేయలేదు. లేతవేళ్ళు వానిని తాళజాలవు.

ఆ శనివారము ఉదయమున మొక్కలను అరగంటసేపు నీటిలో నానబెట్టితిని. అంతకంటె చాలసేపు, రాత్రియంతయు, నానబెట్టిన వేళ్ళకు ఊపిరాడదు. మొక్కలతో వచ్చిన కాగితములో, వేళ్ళు మిక్కిలి పొడవుగా నున్నచో పాదులో మడతపడకుండ కొసలు కత్తిరింపవచ్చునని యున్నది. 4, 5 అంగుళములు మిగిలిన చాలును. మావారు కత్తెర తీసికొని, పని త్వరగా తెమలవలెనని నాలుగు మొక్కల వేళ్ళు గుప్పిటబట్టి రెండంగుళములకే కత్తిరించిరి. గుమ్మములో నిలిచి చూచుచున్న అత్తగారు చెప్పులైన తొడుగుకొనక గబగబ దిగివచ్చి ఆయన చేయి పట్టుకొనిరి.

"అంత మొదలంటా కోస్తావేమిట్రా! నారు నాటేటప్పుడు ఆకు కొసలు తుంచుతాం గాని వేళ్ళు తుంచుతామా? ఉన్న వేళ్ళు కోసేసి కొత్తవి రమ్మంటే ఎక్కణ్ణించి వస్తాయి?"

నవంబరు మొదలు ఆమె అంత పెద్దమాట మాటాడుట నేను వినలేదు. మావారు కత్తెర ఆమె చేతికిచ్చిరి. మిగిలిన 21 మొక్కలను ఆమెయే చూచి, చివికిన వేళ్ళు మాత్రము తీసివేసి, పొడవైనవాని కొసలు సవరించి నాకందించిరి.

నాటు పద్ధతి యిది. జానెడు వెడల్పున పాదు త్రవ్వి, నడుమ మన్నును చిన్న గోపురమువలె చేయవలెను. దానిమీద మొక్క మొదలును కూర్చుండబెట్టి, వేళ్ళను గొడుగు ఊచలవలె చుట్టును పరచి, మన్ను కప్పి, గాలి మిగులకుండ అరచేతితో అదిమి, వెంటనే నీరు పోయవలెను. ఇందు ముఖ్యమైనది లోతు. మొవ్వు మన్నులో మునిగినయెడల కుళ్ళును. వేళ్ళు పైకి తేలినయెడల ఎండును. మొదలు సగము నేలలో, సగము పైన నుండవలెను. దీని చావుబ్రతుకులు ఒక వ్రేలెడు లోతులోనే యున్నవి. మొక్కకు మొక్కకు అడుగున్నర, వరుసకు వరుసకు 3 అడుగుల యెడముంచి రెండు వరుసలు నాటితిమి.

తరువాత పది దినములు మడిలో ఏమియు కనబడలేదు. మావారు ఆఫీసునుండి రాగానే వచ్చి చూచి, "ఒకటి పీకి చూద్దామా?" అనెడివారు. అత్తగారు, "పీకితే మళ్ళీ మొదటికొస్తుంది. మూన తిరగనీరా" అనెడివారు. ప్రొద్దుటి కాఫీ గ్లాసు చేతబట్టుకొని, నా పాత స్వెట్టరు తొడుగుకొని, మడిదగ్గరికి వెళ్ళి కూర్చుండుట ఆమెకు అలవాటయ్యెను. తమంతట తాము గడపదాటుట అదే మొదలు. పండ్రెండవనాడు నేను పనిలో నుండగా ఫోను చేసిరి. "అమ్మాయ్, మూడోదానికి చిగురొచ్చింది. విసనకర్ర మడిచినట్టుంది" అనిరి. నేను ఫోను చేయుటే గాని ఆమె నాకు ఫోను చేయుట అంతవరకు లేదు.

ఇక్కడ తోటవారు మోసపోవు చోటొకటి కలదు. చిగురు వచ్చినది గదా, వేరూనినదని తలతురు. అది నిజము కాదు. మొదటి యాకులు మొక్క తాను తెచ్చుకొన్న దారిబత్తెముతో విప్పుకొన్నవే. క్రొత్తవేళ్ళు తరువాత మొదలునుండి, పాతవేళ్ళకు పైభాగమున, తెల్లగా పుట్టి నేలను వెదకుకొనును. అవి చాలినన్ని వచ్చువరకు పాతవేళ్ళ నిలువయే దానికి తిండి, పాతవేళ్ళే దానికి నీరుత్రాగు నోరు. ఈ నడుమనున్న నాలుగైదు వారములే గండము. నేల ఆరిపోరాదు, బురదయు కారాదు. వానతో కలిపి వారమునకు ఒక యంగుళము నీరు చాలును. కలుపుమొక్కలను చేతితో తీయవలెనే గాని దగ్గరగా పార వేయరాదు.

ఆ నాలుగైదు వారములలోనే దేశమునుండి యొక కాగితము వచ్చినది. పల్లెలోని యిల్లు కొనుటకొకరు ముందుకు వచ్చిరి. ధర మంచిది. పెంకులు జారుచున్నవి, చూచువారు లేరు, ప్రక్కవారు గోడ జరుపుచున్నారు. మావారు చెప్పిన కారణములలో కాదనదగిన దొక్కటియు లేదు. అత్తగారు సంతకము చేసి అధికారమిచ్చినచో అక్కడి బంధువొకరు క్రయము జరిపింతురు. ఆమె కాగితము చదువుకొని, మడిచి, పంచాంగము క్రింద పెట్టిరి. మూడు దినములు దానిమాట యెత్తలేదు. మడిదగ్గరికిని పోలేదు. అన్నము మరల మిగులసాగెను.

నాలుగవనాటి రాత్రి మావారు మెల్లగా నడిగిరి. ఆమె కొంతసేపూరకుండి, "ఆ యింటికి నేను వెళ్ళి ఉండలేనని నాకు తెలుసురా. కాని అది ఉందన్న ధైర్యంతోనే ఇక్కడ నాలుగు మెతుకులు తింటున్నాను. నువ్వు పెట్టమంటే పెడతాను" అని కలము కొరకు చేయి చాచిరి.

నేను కలమీయలేదు. రేపు చూచుకొందమంటిని. మరునాడు తెల్లవారగనే మావారిని పెరటిలోనికి తీసికొనిపోయితిని. ఆయన రెండంగుళములకు కోసిన నాలుగు మొక్కలలో మూడు చిగురింపలేదు. అందొకటి పెకలించి చూపితిని. నల్లనై వచ్చినది. పిమ్మట నాటిన మొక్కలలో నొకదాని ప్రక్క మన్ను జాగ్రత్తగా తొలగించి చూపితిని. పైన దారములవంటి తెల్లని వేళ్ళు నాలుగైదు. క్రింద ఆ పాత గోధుమవన్నె కుచ్చు. "ఇవి వచ్చినది వీని బలముతో. ఈ క్రిందివి ఎప్పటికైనను పోవును. ఎప్పుడు పోవలెనో ఆ సంగతి మొక్కకు తెలియును. మనము కోయరాదు" అంటిని. ఆయన చాలసేపు చూచి, మన్ను తామే కప్పిరి. ఆ దినముననే బంధువునకు, ఇల్లు ఈ యేడమ్ముట లేదు, పెంకులు సరిచేయించుటకు డబ్బు పంపుచున్నానని వ్రాసిరి. అత్తగారితో ఆ మాట చెప్పినప్పు డామె యేమియు ననలేదు. ఆ సాయంకాలము మాత్రము చిక్కుడుకాయ కూర తామే వండిరి.

మే నెల నడుమ మొక్కలకు పూవులు వచ్చినవి. అయిదు తెల్లని రెక్కలు, నడుమ పసుపుపచ్చని బొడ్డు. నేను కూర్చుండి వానిని ఒక్కొక్కటిగా గిల్లివేయుచుండగా అత్తగారు చూచి, "అయ్యో, పూతమీదుండగా గిల్లుతావేమిటే తల్లీ!" అని నొచ్చుకొనిరి. నేను చెప్పితిని: "మేము నాటినది సంవత్సరమున కొకసారి జూనులో కాచు జాతి. నాటిన యేడు పూవు నిలుపుకొన్నచో మొక్క తన బలమంతయు పండునకు పోయును. పట్టుమని పది పండ్లు చిన్నవి వచ్చును, వేరు దిగదు, మరుసటి యేడు కాపుండదు. మొదటి యేడు పూలన్నియు తీసివేసినచో రెండవ యేట బుట్టలు నిండును." విడతలుగా కాచు జాతులు గూడ కలవు, వానికి మొదటి ఆరు వారముల పూలు తీసివేసిన చాలును.

ఆమె ఆలోచించి, "అవునవును. అంటుమామిడికి మూడేళ్ళదాకా పూత నిలవనిచ్చేవారు కాదు మీ మామయ్యగారు. నేనే మరిచాను" అని, నేను గిల్లిన పూవులన్నియు ఏరి పళ్ళెములో పోసి దేవునిముందు పెట్టిరి. మరునాటినుండి గిల్లుపని గూడ ఆమెయే తీసికొనిరి.

ఆ వేసవిలో ఇంటిలోపల నేను చేసిన పనియు నదియే. ఇంగ్లీషు తరగతి మానిపించితిని. దేవాలయమునకు ఆమె రాదలచినపుడు తీసికొనిపోయితిని గాని వంటశాల సేవకు పేరీయలేదు. పిల్లల పద్యములు ఆమెకు తోచినపుడే. బంధువులతో, సంతోషముగా నున్నారా యని ఆమె నడుగవలదనియు, వానలు పడినవా, మినుములెట్లున్నవి, ఎవరింట పెండ్లి యని మాటాడుమనియు చెప్పితిని. ఇవన్నియు చెడ్డవి కావు. పూవులు గూడ చెడ్డవి కావు గదా. వేరూనని మొక్కమీద నున్న పూవు బరువు, అంతే.

స్ట్రాబెర్రీ చరిత్రలోనే దీనికొక నిదర్శనమున్నది. నేడు లోకమంతట మనము తినుచున్న పెద్దపండు ఐరోపా అడవులలో పుట్టినది కాదు. ఫ్రెజియే అను ఫ్రెంచి సైనిక ఇంజనీరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున పెద్దపండ్లు కాయు స్ట్రాబెర్రీలను చూచి, కొన్ని మొక్కలను ఓడలో తెచ్చి 1714లో ఫ్రాన్సు చేర్చెను. దూరప్రయాణములో చావక మిగిలినవి అయిదు. వానిని రాజోద్యానములోను ఇతర చోట్లను ఎంతో శ్రద్ధతో పెంచిరి. ఆకులు దట్టముగా పెరిగెను గాని కాపు లేకపోయెను. ఫ్రెజియే పెద్దపండ్లున్నవానినే యెన్నుకొనుటచే అవన్నియు ఆడుమొక్క లగుటయే కారణము. ఉత్తర అమెరికానుండి వచ్చిన వర్జీనియా స్ట్రాబెర్రీ వాని ప్రక్కన పెరిగిన చోట్ల మాత్రము పుప్పొడి యంది కాచినవి. ఆ రెండింటి కలయికవలననే నేటి తోట స్ట్రాబెర్రీ పుట్టినదని ద్యుషేన్ అను యువకుడు 1766లో తన గ్రంథమున వెల్లడించెను. ఎంత నీరు పోసినను, ఎంత ఎరువు వేసినను, తోడులేనిదే ఫలింపని మొక్క యది.

మా అత్తగారికి ఆ తోడు వీధిచివరి యింట దొరికినది. ఆమె గుజరాతీ అవ్వ, సుమారు ఈడు, భర్త లేడు. ఆమెకు తెలుగు రాదు, ఈమెకు గుజరాతీ రాదు. హిందీ ఇద్దరికిని అరకొర. జూను, జూలైలలో స్ట్రాబెర్రీ మొక్కలు పొడవైన తీగలు పాకించును. తీగ గనుపు నేల తాకినచోట పిల్లమొక్క పుట్టును. మాకు కావలసినవి ఉంచుకొని, మిగిలినవానిని అత్తగారు చిన్నకుండీలలో వేరుపట్టించిరి. తీగ తెంపుటకు తొందరపడలేదు. పిల్లమొక్క సొంతముగా వేరు పట్టువరకు తల్లితీగ దానిని పోషించును. ఆగస్టులో తీగ తెంపి, ఆరు కుండీలు ఆ యవ్వగారికిచ్చి వచ్చిరి. ఆమె బదులుగా మెంతివిత్తనములు, ఒక కరివేపమొక్క ఇచ్చెను. ఆనాటినుండి ఇద్దరును సాయంకాలము కలిసి నడుచుట ప్రారంభించిరి. ఏమి మాటాడుకొందురో నాకిప్పటికిని తెలియదు. నవ్వు మాత్రము వీధిలోనికి వినబడుచుండును.

జూనులో కాచు జాతికి మరుసటి వసంతపు పూమొగ్గలు అంతకుముందటి శరత్తులోనే, ప్రొద్దు తగ్గుచున్న దినములలో, మొవ్వులో నేర్పడును. పైకేమియు కనబడదు. కాబట్టి కాపు లేదుగదా యని శరత్తులో నీరు మానివేయరాదు. నాలుగైదుసార్లు మంచు కురిసి మొక్క నిద్రపోయిన పిమ్మట, 3, 4 అంగుళముల మందమున గోధుమగడ్డి కప్పవలెను. నేల గడ్డకట్టుచు కరుగుచు నుండినచో మొక్క పైకెగదన్నబడి వేళ్ళు తెగును. ఆ యిబ్బంది లేకుండుటకే గడ్డి. వసంతములో క్రొత్తచిగురు కనబడగనే దానిని తీసి వరుసలనడుమ పరచవలెను. పండు మన్ను తాకకుండ ఆ గడ్డియే పనికివచ్చును.

2024 జూనులో మా మడి పండినది. పక్షులకు, ఉడుతలకు అందకుండ వల కప్పితిమి. నాటిన 25లో మూడు కోతవలనను, ఒకటి మొవ్వు కుళ్ళియు పోగా 21 మొక్కలును, వాని పిల్లలును కలిసి మూడు వారములపాటు దినమునకొక గిన్నెడు చొప్పున ఇచ్చినవి. మొదటి పండు దేవునికి, రెండవ గిన్నె గుజరాతీ యవ్వకు. తాము తినిచూచి అత్తగారన్నమాట, "మన రేగుపండుకు దగ్గర చుట్టమే" అని.

2025 జనవరిలో మామగారి యాబ్దికమునకు ఆమె దేశము వెళ్ళిరి. బాగుచేయించిన యింటిలో రెండు నెలలుండి, సున్నము వేయించి, వాకిట ముగ్గులు పెట్టించి, మేము రమ్మని వ్రాయకముందే, "మడిమీద గడ్డి తీసే వేళయింది, టిక్కెట్టు కొనండి" అని ఫోను చేసిరి. ఇల్లు అట్లే యున్నది. అమ్ముటా, ఉంచుటా అన్నది ఆమె చేతిలోని సంగతి.

మన దేశమున స్ట్రాబెర్రీ పెంచదలచువారి కొకమాట. మహారాష్ట్రమున మహాబలేశ్వరము దీనికి పేరుమోసినది. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి, చింతపల్లి ప్రాంతములందును పెంచుచున్నారు. ఇక్కడివలె కాక, అక్కడ వానలు వెనుకబట్టిన తరువాత నాటి, చలికాలమంతయు కోసికొని, ఎండలు రాగానే పైరు ముగింతురు. మైదానములందలి యెండ దీనికి చాల హెచ్చు. చలికాలమున కుండీలలో పెంచి చూడవచ్చును. ఎక్కడ నాటినను మొవ్వు మునుగరాదు, వేళ్ళు తేలరాదు అన్న నియమము మాత్రమొక్కటియే.

నాటిన ప్రతిమొక్కయు బ్రతుకునని నేను చెప్పజాలను. తెచ్చిన పెద్దవారందరును పరదేశమున వేరూనుదురనియు చెప్పజాలను. ఊనలేనివారిని తిరిగి పంపుట గూడ ప్రేమయే. కాని యింటికి క్రొత్తగా వచ్చినవారు పల్లెనుండి పట్టణమునకు వచ్చిన అత్తగారైనను, పుట్టిల్లు విడిచివచ్చిన కోడలైనను, మొదటి యేడు వారినుండి సంతోషమును కాపుగా అడుగకుడు. వారి పాతవేళ్ళమీద కత్తెర పెట్టకుడు. వేళకు నీరు చూడుడు. ప్రక్కనొక తోడు నాటుడు. సోదరీమణులారా, మూన తిరుగుటకు పట్టు కాలము పట్టనిండు.